‘గ్యాస్’ అనుకొన్న గంట

కరీంనగర్, ఆదిలాబాద్ సీమలో గుండెపోటు మొదట వైద్యునికడకు పోదు. సోడాబుడ్డి కడకు పోవును. నడుమ జారిపోవు ఆ గంటను గూర్చియు, ఆ గంటకు వెనుకనున్న నలుబదియేండ్లను గూర్చియు ఈ వారపు ముఖచిత్ర కథనము.

ఉదయము ఏడు గంటలు. కరీంనగర్ పట్టణములో ఒక హృద్రోగ నిపుణుని క్లినిక్ ఎదుట, షట్టరు సగమే పైకెత్తబడియున్న వేళ, మెట్లమీద అప్పటికే పదునైదుగురు కూర్చుండియున్నారు. హుజురాబాద్ నుండి వచ్చినవారు, ధర్మపురి నుండి వచ్చినవారు, మంచిర్యాలలో తొలి బస్సు నెక్కి వచ్చినవారు. ఎవరి ఒడిలో చూచినను బట్టల దుకాణపు సంచి యొకటి, ఆ సంచిలో మడతలుపడి అంచులు చిరిగిన ఈసీజీ కాగితములు, ఎక్స్‌రేలు, సగము వాడిన గోలీల అట్టలు. ఆ సంచియే వారి రోగచరిత్ర. చదువురాని తల్లికి సైతము అందులో ఏ కాగితము ఏ యేటిదో తెలియును.

అంతలో ఒక ఆటో వచ్చి ఆగినది. చెమటకు అంగీ వీపునకంటుకొనియుండగా, ఏబదియైదేండ్ల పురుషుడొకడు భార్య భుజముపై చేయివైచి దిగెను. మెట్లమీదివారు వరుస మాట మరచి దారి యిచ్చిరి. లోపల బల్లపై పరుండబెట్టి, రొమ్ముపై చల్లని జిగురు పూసి, ఆరు రబ్బరుబుడ్డలను వరుసగా అంటించి, కాళ్ళకును చేతులకును పట్లు తగిలించి, యంత్రపు మీట నొక్కిరి. గులాబిరంగు గళ్ళ కాగితము సన్నని చప్పుడుతో బయటికి జారసాగెను. ఆ కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్ల వడితో నడచును; అందలి చిన్నగడి యొక్కొక్కటి సెకనులో ఇరువదియైదవ వంతు. ఆరోగ్యవంతుని కాగితముపై గుండె కొట్టుకొన్నప్పుడెల్ల గీత కోసుగా పైకి లేచి, వెంటనే నేలకు దిగి, కొంత సాగి, చిన్నగుట్ట కట్టును. ఈతని కాగితముపై గీత నేలకు దిగనేలేదు. పైననే నిలిచి, ఎడ్లబండి గూడువలె వంగియుండెను.

“ఎప్పటిసంది నొస్తాందమ్మా?” అని వైద్యుడడిగెను.

“రాత్రి ఎనిమిదింటిసంది సార్. గ్యాస్ వట్టిందనుకున్నం. సోడ తాగిచ్చిన, ఈనో కలిపిచ్చిన, వాము నమిలిచ్చిన. జరసేపు తక్కువైనట్టే అయింది. మల్ల తెల్లందాక కూసునే ఉన్నడు.”

“నూటెనిమిదికి ఫోన్ చెయ్యకపోయినవా?”

ఆమె వైద్యునివైపు ఆశ్చర్యముగా చూచెను. “గ్యాస్‌కు అంబులెన్స్ ఎవలు పిలుస్తరు సార్?”

పదకొండు గంటలు గడచినవి. రోగిని చక్రాల బల్లపై ఆంజియోగ్రామ్ గదికి తరలించుచుండగా ఆ ప్రశ్న మాత్రము క్లినిక్ గోడలనడుమ నిలిచిపోయినది.

తర్కము తప్పు కాదు, పేరు తప్పు

గ్రామములలో గుండెజబ్బును గూర్చి యిప్పుడు మాటాడుకొననివారు లేరు. 2023 ఫిబ్రవరిలో నిర్మల్ జిల్లాయందొక పెండ్లివిందులో పాటకు నాట్యమాడుచు పందొమ్మిదేండ్ల యువకుడు కుప్పకూలిపోయిన దృశ్యము చేతిఫోనులలో ఊరూర తిరిగినది. వ్యాయామశాలలో పడిపోయినవాడు, ఆటమైదానములో ఒరిగిపోయినవాడు, పెండ్లిబరాతులో నేలకొరిగినవాడు, ఇట్టి దృశ్యములు ఒకదానివెంట నొకటి వచ్చి జనులను భయపెట్టగా, ఆ మార్చిలోనే తెలంగాణ ప్రభుత్వము సీపీఆర్ శిక్షణ కార్యక్రమమును ప్రారంభించినది. భయము మంచిదే, కాని ఆ భయము చూపు వైపు వేరు, ప్రమాదము వచ్చు వైపు వేరు. నాట్యమాడుచు పడిపోవు యువకుడు వార్త యగును. రాత్రియంతయు సోడా త్రాగుచు కూర్చుండు నడివయసువాడు వార్త కాడు. క్లినిక్ మెట్లమీద కూర్చుండువారిలో మాత్రము రెండవవారే హెచ్చు.

ఆమె ప్రశ్నలో తర్కము తప్పు కాదు. గ్యాసుకు అంబులెన్సును పిలుచుట నిజముగనే అవివేకము. తప్పు రోగమునకు పెట్టిన పేరులో నున్నది. ఆ పేరు వచ్చుటకును కారణము లేకపోలేదు. గుండెనుండియు అన్ననాళమునుండియు వచ్చు నాడులు వెన్నుపాములో ఇంచుమించు ఒకేచోట చేరును గనుక, నొప్పి ఎచ్చటిదో మెదడు స్పష్టముగా పోల్చుకొనజాలదు. గుండె అడుగుభాగమునకు రక్తము నిలిచినప్పుడు వాంతియు త్రేనుపులును వచ్చుట సహజము. ఒక త్రేనుపు రాగానే ఇంటిల్లిపాదియు ఊరటచెందుదురు. చక్కెరవ్యాధి గలవారిలో నాడులు మొద్దుబారియుండుటచే నొప్పియే తెలియకపోవచ్చును. స్త్రీలలో ఛాతినొప్పికి మారుగా ఆయాసము, వీపునొప్పి, దవడనొప్పి, చెప్పరాని అలసట కనబడవచ్చును. “పానం మంచిగ లేదు” అని యొక తల్లి మంచముపై ఒరిగినచో, పనిభారమనుకొని ఇంటివారు ఊరకుందురు.

గుండెకండరమునకు ఈ ఓపిక లేదు. రక్తము గుండెలోపల ఎంత నిండియున్నను, గుండె తన ఆహారమును ఆ నిండుకుండనుండి తీసికొనదు. తనపై ప్రాకిన సన్నని హృదయధమనులనుండియే తీసికొనును. అందొకటి గడ్డకట్టి మూసుకొన్న అరగంటలోపలనే ఆ ధమని క్రింది కండరము చచ్చుటకు మొదలిడును. గంటలు గడచినకొలది ఆ మృతభాగము విస్తరించుచు పోవును. ఒకసారి చచ్చిన కండరము మరల మొలవదు, మచ్చగా మారును. గడ్డను కరగించు ఇంజెక్షను పన్నెండు గంటలలోపల ఇయ్యవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నను, దాని పూర్తిఫలము మొదటి రెండు మూడు గంటలలోనే కలదు.

> గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు
>
> గుండెపోటు: ధమని మూసుకొని కండరమునకు రక్తము అందకపోవుట. రోగి సాధారణముగా స్పృహలోనే యుండును, మాటాడును, నడచును కూడ. ఇది గొట్టపు దోషము.
>
> గుండె ఆగుట: గుండెలోని విద్యుత్తు లయతప్పి, రక్తమును తోయుట నిలిచిపోవుట. మనిషి హఠాత్తుగా పడిపోవును, పిలిచిన పలుకడు, ఊపిరి తీయడు. ఇది కరెంటు దోషము. గుండెపోటు దీనికి దారితీయవచ్చును. పుట్టుకతో వచ్చిన లోపములవలన చిన్నవయసువారికిని రావచ్చును.
>
> సీపీఆర్ దేనికి? రెండవదానికి మాత్రమే. స్పృహలోనుండి ఛాతినొప్పి యనువానికి రొమ్ము నొక్కరాదు. పడిపోయినవానికి రొమ్ము నడుమ ఎముకపై, నిమిషమునకు 100 నుండి 120 పర్యాయములు, సుమారు 5 సెంటీమీటర్ల లోతునకు, 108 వాహనము వచ్చువరకు ఆపక నొక్కవలెను.

వెండితీగ పనియు, గుండెలోని వలయును

కరీంనగర్ పేరు చెప్పగానే వెండితీగ పని జ్ఞప్తికి వచ్చును. తలవెంట్రుకవంటి వెండితీగను మెలిపెట్టి, అల్లి, అతికి, గులాబుదానులను, నగలపెట్టెలను తీర్చు ఆ కళను చూచినవారికి, హృద్రోగ నిపుణుడు గుండెలో అమర్చు స్టెంటును చూచినప్పుడు అది పరాయి వస్తువని తోచదు. అదియును సన్నని లోహపుతీగల వలయే. మడచి బుడగపై నుంచి, మణికట్టుకడ ధమనిలోనుండి గుండెవరకు పంపి, మూసుకొన్న చోట బుడగను ఉబ్బించినచో, వల విచ్చుకొని గోడలను ఎత్తిపట్టును. 1977 సెప్టెంబరులో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ అను వైద్యుడు మేలుకొనియున్న రోగి ధమనిని బుడగతో తొలిసారి తెరచెను. ఆనాడు స్టెంటు లేదు, బుడగయే సర్వస్వము.

ఆ వల మనదేశమునకు వచ్చునప్పటికి దాని వెల పేదవానికి అందనిదై యుండెను. 1998లో రక్షణశాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలామును, హైదరాబాదు హృద్రోగ నిపుణుడు సోమరాజును కలిసి తక్కువ వెలకు రూపొందించిన కలాం–రాజు స్టెంటు ఆ దిశలో తెలుగునేల వేసిన పెద్ద అడుగు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చుటతో, పొలమమ్మిననే కాని గుండె ఆపరేషను కాదనుకొన్న కుటుంబములు కార్డు చేతబట్టుకొని పెద్దాసుపత్రి గడప త్రొక్కగలిగినవి. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మందుపూత స్టెంటునకు 29,600 రూపాయల గరిష్ఠధర నిర్ణయించువరకు అది లక్షరూపాయలు దాటియుండెడిది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి పదిలక్షలకు పెరిగినది. అనగా, డబ్బులేక చచ్చుట యను పాతకథ పూర్తిగా ముగియకున్నను పలుచబడినది. దాని స్థానమున నిలిచిన కొత్తకథ వేళకు చేరక చచ్చుట.

వాగుకు ఆవలి గుండె

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా పటమును చూచినవారికి ఆ కథ అర్థమగును. ఆదిలాబాద్ పట్టణమునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. నాగపూరు సుమారు 200. అందువలననే అచ్చటివారు చిరకాలముగా పెద్దజబ్బు వచ్చినచో దక్షిణమునకు గాక ఉత్తరమునకు, పరరాష్ట్రమునకు బండి మరలించుట అలవాటు చేసికొనిరి. ఇక ఉట్నూరు, జైనూరు, తిర్యాణి అడవులలోని గోండు, కొలాము గూడెములనుండి రోడ్డు చేరుటయే మొదటి యాత్ర. వానకాలమున వాగు పొంగినచో ఆ యాత్రయు ఆగిపోవును. వాగుకు ఈవల 108 వాహనము, ఆవల రోగి నిలిచియుండుట ఆ ప్రాంతపువారికి కొత్త దృశ్యము కాదు.

కాలము కొంత మారినమాట నిజము. ఉత్తర తెలంగాణకు 1959లో వరంగల్లున వెలసిన కాకతీయ వైద్యకళాశాలయే ఎంతకాలమో ప్రభుత్వపు పెద్దదిక్కు. 2008లో ఆదిలాబాదున రిమ్స్ ఏర్పడెను. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందును, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరువబడినవి. కళాశాల వచ్చినంతమాత్రమున ఆంజియోప్లాస్టీ చేయు నిపుణుడు ప్రతిచోట రాత్రింబవళ్ళు ఉండునని అనుకొనరాదు. కాని చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని ఫోనుద్వారా దూరపు నిపుణునికి పంపి, ఆయన చూచి చెప్పగానే గడ్డ కరగించు ఇంజెక్షను అచ్చటనే యిచ్చి, పిమ్మట పెద్దాసుపత్రికి పంపు పద్ధతి దూరమును సగము చంపును. ఆ పద్ధతికి కావలసినది భవనము కాదు. పనిచేయు యంత్రము, శీతలపెట్టెలో సిద్ధముగా మందు, గీతను గుర్తుపట్టు కన్ను. అన్నిటికన్న ముందు, రోగి రావలెను.

> పోటు అని అనుమానము కలిగినచో
>
> • ఛాతిలో బరువు, బిగింపు, మంట పదిహేను నిమిషములు దాటి యుండి, చెమటయో, ఆయాసమో, ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకుటయో తోడైనచో గ్యాసని తేల్చివేయరాదు.
>
> • 108కి ఫోను చేయవలెను. రోగి తాను బండి నడుపరాదు, మెట్లెక్కరాదు.
>
> • ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావపు జబ్బు గలవారు కానిచో, 108 సిబ్బంది లేక వైద్యుని సలహాపై 300 మిల్లీగ్రాముల ప్రాంతపు ఆస్పిరిన్ మాత్రను నమిలి మ్రింగవచ్చును.
>
> • నాలుకక్రింద నుంచు మాత్రను ఇతరుల సంచినుండి తీసి వేయరాదు. రక్తపోటు పడిపోయియున్నచో అది హానిచేయును.
>
> • ఆసుపత్రి చేరిన పది నిమిషములలో ఈసీజీ తీయవలెనన్నది వైద్యనియమము. అడుగుటకు సంకోచింపవలదు.

ఆకు, పొగ, ఎడారి

గంట కథ యిది. ఇక నలుబదియేండ్ల కథ.

వేసవిరాగానే ఆదిలాబాద్ అడవులలో తునికాకు తెంపుదురు. కట్టలుకట్టి, ఎండబెట్టి, సంచులకెత్తిన ఆ ఆకు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ఇండ్లకు చేరును. అచ్చట ఆడవారు చాటను ఒడిలో పెట్టుకొని, తడిపిన ఆకును రేకుకొలతకు కత్తిరించి, తంబాకు చల్లి, చుట్టి, దారము కట్టి, దినమునకు వందలకొలది బీడీలు చేయుదురు. తెల్లవారుజామునుండి పొద్దుగ్రుంకువరకు వంగిన నడుము వంగినట్లే. తంబాకుధూళి వంటింటిగాలిలో, ప్రక్కన నిదురించు పసిబిడ్డ ఊపిరిలో. ఆ బీడీ తిరిగి ఆ ఊరి మగవాని పెదవికే చేరును. సిగరెట్టుకంటె బీడీ నాటుది, ఆకుది, కనుక హాని తక్కువయను నమ్మకము ఊరూర కలదు. హృదయధమనికి ఆ భేదము తెలియదు. ఆకును, చేయిని, ఊపిరిని మూడింటిని ఇచ్చుచున్నది ఈ రెండు పూర్వపు జిల్లాలే.

ఆ బీడీల డబ్బు చాలకనే మగవాడు గల్ఫునకు పోవును. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలలో దుబాయి, మస్కట్, సౌదీ పేర్లు మండలకేంద్రము పేరువలె నిత్యవ్యవహారములు. ఎండలో పని, గదిలో పదిమంది, అప్పుమీద వడ్డీ, సరిగా లేని నిదుర, హోటలు తిండి, చేతిలో సిగరెట్టు. రక్తపోటును చూపించుకొనుటకు తీరిక లేదు, చూపించుకొన్నచో పనికి పంపరేమోయను భయమును కలదు. ఒకనాటి తెల్లవారుజామున ఊరికి ఫోను వచ్చును: నిదురలోనే పోయినాడని. కొన్నిదినములకు శంషాబాదు విమానాశ్రయమునుండి పెట్టె వచ్చును. పెట్టెతోవచ్చు కాగితముపై గుండె ఆగినదని రెండు ముక్కలుండును. ప్రతి మరణమునకును తుదకు గుండె ఆగవలసినదే గదా. ఎందులకాగినదో చెప్పని ఆ కాగితము భార్యకు అర్థమునియ్యదు, కొడుకునకు హెచ్చరికయు నీయదు.

జొన్నరొట్టెనుండి తెల్లన్నమునకు

1963లో పోచంపాడునొద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినప్పుడు ఈ సీమ కోరినది నీరు. నీరు వచ్చినది, వరి వచ్చినది. కాకతీయ కాలువ పారినచోట జొన్నచేలు వరిమళ్ళైనవి. సంకటి, గటక, జొన్నరొట్టె తిన్న పొట్టలకు మూడుపూటల తెల్లన్నము అందినది. ఆకలి తీర్చిన ఆ మార్పును నిందించు హక్కు కడుపునిండినవానికి లేదు. కాని అప్పటివలె నడుము వంచి నాట్లువేయు శ్రమ యంత్రమునకు పోయి, అన్నపురాశి మాత్రము కంచములో అట్లే నిలిచినప్పుడు, నడుము చుట్టుకొలత పెరుగును, చక్కెర పెరుగును. దానిపై ఉప్పు: మామిడికాయ తొక్కు, కారప్పొడి, ఎండుచేప, ఆదివారపు మటను దావతు, ప్రక్కన మిక్చరుపొట్లము. ప్రపంచ ఆరోగ్యసంస్థ మనిషికి దినమునకు ఐదు గ్రాముల ఉప్పు మించరాదన్నది. అది ఒక చిన్నచెంచా.

కెనడాలో నివసించు కేరళ వైద్యుడు సలీం యూసుఫ్ నాయకత్వమున 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనము, తొలి గుండెపోటులలో పదింట తొమ్మిదింటికి కారణము తొమ్మిది విషయములలోనే కలదని చూపినది: పొగ, రక్తములోని చెడుకొవ్వు, రక్తపోటు, చక్కెర, పొట్ట, మనోవేదన, పండ్లుకూరలు తినకుండుట, శ్రమ లేకుండుట, మద్యపుతీరు. దక్షిణాసియావారికి తొలిపోటు ఇతరులకంటె ఐదారేండ్లు ముందుగా వచ్చుచున్నదనియు ఆ అధ్యయనమే తెల్పినది. తలరాత యనుకొన్నదానిలో అధికభాగము కంచములోను, జేబులోను ఉన్నదన్నమాట.

ఇందు అన్నిటికన్న చవుకగా లొంగునది రక్తపోటు. 2017 చివర మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు తొలిగా ఎన్నుకొన్న ఐదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. దాని సూత్రము చిన్నది: అందరికి ఒకే మందుల వరుస, నెలకొకసారి చేతికి నెల సరిపడు గోలీలు, రాకున్న రోగిని వెదకి పిలుచుట. 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారము దీనికి లభించినది. గొప్ప యంత్రములు లేని ఈ పనిని చేయునది ఊరి ఆశ కార్యకర్తయు, ఏఎన్ఎమ్మును. “బీపీ తక్కువైంది, గోలీ బంద్ చేసిన” అను రోగితో వారు చేయు నిత్యవాదము ఏ శస్త్రచికిత్సకును తీసిపోదు. గోలీవలననే తక్కువైనదని నమ్మించుట కత్తి పట్టుటకంటె కష్టము.

గొంతునొప్పితో మొదలగు గుండెజబ్బు

క్లినిక్ మెట్లమీద కూర్చుండువారిలో ముప్పదియేండ్ల యువతులును కలరు. వారి జబ్బు తిండివలనను పొగవలనను వచ్చినది కాదు. ఏడెనిమిదేండ్ల వయసున వచ్చి, ఎవరును పట్టించుకొనని గొంతునొప్పి, పిమ్మట కీళ్ళవాపుతో జ్వరము, ఇరువదియేండ్లు మౌనము, తొలికాన్పులో నీరుపట్టి ఊపిరాడకపోగా బయటపడిన కవాటదోషము. ఈ జ్వరము కీళ్ళను నాకి గుండెను కరచునని వైద్యులలో నానుడి. ఇరుకైన ఇండ్లలో, గాలి తక్కువైన గదులలో ఇది ప్రబలును. గుర్తించినచో మూడువారములకొక పెన్సిలిన్ సూది, ఏండ్లతరబడి. నొప్పిసూదియే, కాని కవాటమును కాచునది అదియే. పాపాయి గొంతునొప్పిని చూపించుట కూడ హృద్రోగ నివారణయేనని ఏ తల్లికి తోచును?

> మన గుండె దారిలో కొన్ని మైలురాళ్ళు
>
> 1816: ప్యారిస్‌లో లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టుట.
>
> 1924: ఈసీజీ యంత్రమునకు రూపమిచ్చిన ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి.
>
> 1948: అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులపై దీర్ఘాధ్యయనము మొదలు; రక్తపోటు, కొవ్వు, పొగలకు గుండెజబ్బుతోగల బంధుత్వము తేలినది ఇచ్చటనే.
>
> 1977: తొలి బుడగచికిత్స.
>
> 1998: కలాం–రాజు స్టెంటు.
>
> 2005 ఆగస్టు 15: హైదరాబాదున 108 సేవ ప్రారంభము.
>
> 2007: ఆరోగ్యశ్రీ.

మరల ఆ మెట్లమీదికి

మధ్యాహ్నమునకు ఆంజియోప్లాస్టీ ముగిసినది. వైద్యుడు బయటికి వచ్చి, రక్తనాళము తెరచుకొన్నదనియు, గుండె కొట్టుబలము కొంత తగ్గిపోయినదనియు, మందులు ఆపరాదనియు, బీడీ ముట్టరాదనియు ఆమెకు చెప్పెను. ఆమె అన్నిటికి తలయూపి, చివర నొకటే అడిగెను: “రాత్రే వస్తె ఇంకింత మంచిగుండునా సార్?” ఆయన క్షణకాలమాగి, “ఉండునమ్మా” అనెను. అబద్ధమాడి ఓదార్చుట ఆయనకు సులభమే. కాని ఆ సులభమైన మాటవలననే ఊరిలో మరియొక రాత్రి సోడాబుడ్డితో తెల్లవారును.

ఆమె మెట్లమీద కూర్చుండి, కొంగుముడినుండి ఫోను తీసి, చెల్లెలికి చేసెను. కుశలము చెప్పినది తక్కువ. “మొన్న మరిదికి ఛాతిల మంటంటివి గదనే. గ్యాసని ఊకోకు. గ్యాసో కాదో మనకేమెరుక, ఆ గళ్ళ కాగితం జెప్తది. ఇయ్యాల్నే తీయించు.” ఆవలినుండి ఏదో సాకు వినబడినట్లున్నది, ఆమె కంఠము హెచ్చెను. “పైసలు నేనిస్త. ముందుగాల బండెక్కుండ్రి.”